మూసిన రెప్పల వెనక: కలల పరిశోధన చరిత్ర

కల కన్నవాడికి తప్ప మరొకరికి కనబడదు. కన్నవాడైనా లేచాక గుర్తున్నంత మేరకే చెప్పగలడు. అందువల్ల కలల గురించి మనుషులు వేల ఏళ్లుగా పోగుచేసుకున్న జ్ఞానమంతా లేచాక చెప్పిన మాటల మీదే ఆధారపడింది. ఇరవయ్యో శతాబ్దం నడుమ షికాగోలో ఒక పాత యంత్రం కాగితం మీద గీసిన సిరా గీతలు ఈ స్థితిని కొంత మార్చాయి. కల గురించి ఎప్పుడు అడిగితే జవాబు దొరుకుతుందో ఆ గీతల వల్ల తెలిసింది. ఆ తర్వాతి డెబ్బై ఏళ్ల పరిశోధన చాలావరకు నిద్రపోతున్న మనిషిని ఏ క్షణంలో లేపాలి, లేపి ఏమని అడగాలి అన్న రెండు ప్రశ్నల చుట్టూ నడిచింది.

భారతదేశంలో కలల విచారణ చాలా పాతది. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు జనక మహారాజుకు మెలకువ, కల, గాఢనిద్రల తేడాను వివరిస్తాడు. కలలో కనబడే రథాలూ బాటలూ కొలనులూ అక్కడ నిజంగా ఉండవనీ, కల కనేవాడే వాటిని సృష్టించుకుంటాడనీ అతడి వాదన. వైద్యులు మరో దారిలో ఆలోచించారు. చరకసంహితలోని ఇంద్రియస్థానం కలలను ఏడు రకాలుగా విడదీసింది: చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి, జరగబోయేదాన్ని సూచించేవి, వాతపిత్తకఫాల దోషం వల్ల పుట్టేవి. మొదటి ఐదింటికీ ఫలం లేదని ఆ గ్రంథం తేల్చేసింది. పగటి అనుభవాలూ కోరికలే రాత్రి కలలుగా వస్తాయన్న గమనింపు అంత పూర్వం, అంత స్పష్టంగా ఒక వైద్యగ్రంథానికి ఎక్కడం గొప్ప విషయం. జనంలో మాత్రం వేళను బట్టి ఫలం చెప్పే పద్ధతే పాతుకుపోయింది. తొలిజాము కల ఫలించడానికి ఏడాది పడుతుందనీ, జాములు గడిచేకొద్దీ ఆ గడువు తగ్గుతుందనీ, తెల్లవారుజాము కల త్వరలోనే నిజమవుతుందనీ స్వప్నశాస్త్రం చెబుతుంది. తెలుగు ఇళ్లలో ఆ మాట ఇప్పటికీ వినబడుతుంది.

పందొమ్మిదో శతాబ్దపు ఐరోపాలో కలలను గమనించిన పండితులు ఎక్కువగా తమ కలలనే రాసుకున్నారు. వారిలో ఫ్రెంచి పండితుడు ఆల్ఫ్రెడ్ మోరీ కల ఒకటి బాగా ప్రసిద్ధి పొందింది. 1861లో అచ్చయిన పుస్తకంలో అతడు దాన్ని వర్ణించాడు. ఫ్రెంచి విప్లవకాలపు న్యాయస్థానం, విచారణ, మరణశిక్ష, బండిలో ఊరేగింపు, చివరికి గిలటిన్ కత్తి మెడ మీద పడటం. ఉలిక్కిపడి లేచేసరికి మంచం పైభాగపు కమ్మీ ఊడి మెడ మీద పడి ఉంది. కమ్మీ పడ్డ క్షణానికీ మెలకువ వచ్చిన క్షణానికీ మధ్య అంత పెద్ద కథ అల్లుకుందనీ, కాబట్టి కల రెప్పపాటులో జరిగిపోతుందనీ మోరీ నిర్ణయించాడు. దాదాపు వందేళ్లపాటు ఈ అభిప్రాయాన్ని చాలామంది నమ్మారు. దాన్ని పరీక్షించడానికి దారి లేదు. 1900 సంవత్సరం వేసి ప్రచురించిన తన గ్రంథంలో సిగ్మండ్ ఫ్రాయిడ్ కలల అర్థం మీద దృష్టి పెట్టాడు. అతడికీ దొరికిన ముడిసరుకు రోగులు తర్వాత చెప్పిన కథలూ, తన సొంత కలలే.

కొలిచే పరికరం జర్మనీ నుంచి వచ్చింది. యేనా నగరంలో మనోవైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మనిషి మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేశాడు. ఆ ఫలితాలను 1929లో ప్రకటించాడు. దీనినే ఈఈజీ అంటున్నాం. 1937లో అమెరికాలో ధనికుడైన ఆల్ఫ్రెడ్ లూమిస్ తన సొంత ప్రయోగశాలలో రాత్రంతా ఈఈజీ తీయించి, నిద్ర ఒకే తీరుగా సాగదనీ, తరంగాలను బట్టి దానిలో దశలున్నాయనీ చూపించాడు. కళ్ల మీద మాత్రం దృష్టి నిలవలేదు. కల కంటున్నప్పుడు మూసిన రెప్పల కింద కళ్లు కదులుతుండవచ్చని 1892లోనే అమెరికన్ మనస్తత్వవేత్త జార్జ్ ట్రంబుల్ లాడ్ అనుకున్నాడు. ఆ మాట చాలాకాలం ఊహగానే ఉండిపోయింది.

షికాగో విశ్వవిద్యాలయంలో నతానియేల్ క్లైట్‌మన్ అప్పటికి నిద్ర ఒక్కదాని కోసమే జీవితాన్ని అంకితం చేసిన అరుదైన శాస్త్రవేత్త. 1895లో కిషినేవ్‌లో పుట్టి, యువకుడిగా అమెరికా చేరాడు. 1938లో ఒక విద్యార్థితో కలిసి కెంటకీలోని మామత్ గుహలో 32 రోజులు గడిపి, రోజుకు 28 గంటల లెక్కన బతకడానికి శరీరం అలవాటు పడుతుందేమో పరీక్షించాడు. మరుసటి ఏడాది నిద్ర, మెలకువల గురించి అతడు రాసిన పుస్తకం ఆ రంగానికి ప్రామాణికమైంది. అయితే నిద్ర అంటే మెదడు పని తగ్గించుకుని విశ్రాంతి తీసుకోవడమేనని ఆ కాలంలో అందరిలాగే అతడూ భావించాడు. ఆ భావనను తలకిందులు చేసే ఆధారం అతడి ప్రయోగశాలలోనే పుట్టింది.

యూజీన్ అసెరిన్‌స్కీ అక్కడ చేరేనాటికి అతడికి డిగ్రీ కూడా లేదు. బ్రూక్లిన్‌లో పెరిగి, దంతవైద్యం సహా రకరకాల చదువులు మధ్యలో వదిలేసి, సైన్యంలో పనిచేసి వచ్చాడు. క్లైట్‌మన్ అతడికి అప్పగించిన పని శిశువులు నిద్రలోకి జారేటప్పుడు రెప్పల కదలికను గమనించడం. తొట్టెల పక్కన నెలల తరబడి కూర్చున్నాక, నిద్రలో పసివాళ్ల కళ్లు చాలాసేపు కదలకుండా ఉండే విరామాలు క్రమంగా వస్తున్నాయని అతడికి అర్థమైంది. ఇక పెద్దవాళ్లనూ పరీక్షించాలి. విశ్వవిద్యాలయ భవనం నేలమాళిగలో పారేసి ఉన్న పాత రికార్డింగ్ యంత్రాన్ని బయటికి తీసి బాగుచేశాడు. 1951 డిసెంబరులో ఒక రాత్రి తన ఎనిమిదేళ్ల కొడుకు కళ్ల దగ్గరా తల మీదా ఎలక్ట్రోడ్లు అంటించి పడుకోబెట్టాడు. పిల్లవాడు గాఢంగా నిద్రపోతుంటే పక్కగదిలో పెన్నులు ఒక్కసారిగా అటూ ఇటూ ఊగిపోయాయి. మెలకువలో ఉన్న మనిషి కళ్లు ఎలా కదులుతాయో అలాంటి గీతలే కాగితం మీద పడ్డాయి.

అసెరిన్‌స్కీ మొదట యంత్రాన్నే అనుమానించాడు. పరికరం పాతది, తీగలు వదులై ఉండవచ్చు. రాత్రికి దాదాపు అర మైలు పొడవున కాగితం ఖర్చవుతుండగా, వచ్చిన ప్రతి గీతకూ కారణం వెతుకుతూ పోయాడు. రెండు కళ్లకూ విడివిడిగా గీతలు తీసినప్పుడు అవి ఒకే దిశలో, ఒకే క్షణంలో కదిలాయి. యంత్రం లోపమైతే అలా కుదరదు. ఆ సమయంలో గుండె, ఊపిరి వేగమూ మారుతున్నాయి. ఫలితం మీద క్లైట్‌మన్‌కు తొందరగా నమ్మకం కుదరలేదు. తన కూతుర్నే పడుకోబెట్టి స్వయంగా చూసుకున్నాకనే ప్రచురణకు ఒప్పుకున్నాడు.

ఇద్దరి పేర్లతో 1953 సెప్టెంబరులో సైన్స్ పత్రికలో ఒక చిన్న వ్యాసం వచ్చింది. కళ్లు కదులుతున్న వేళ నిద్రపోతున్నవారిని 27 సార్లు లేపితే 20 సార్లు వివరమైన కలలు చెప్పారు. కళ్లు నిశ్చలంగా ఉన్న వేళ 23 సార్లు లేపితే 19 సార్లు ఏమీ గుర్తులేదన్నారు. ఇంతటి విషయాన్ని కనిపెట్టినవాడు ఆ రంగంలో నిలవలేదు. పట్టా చేతికి రాగానే సియాటిల్ వెళ్లి చేపల మీద విద్యుత్ ప్రభావాన్ని పరిశోధించే ఉద్యోగంలో చేరాడు. కుటుంబం గడవాలంటే ఆ జీతం అవసరమైంది. నిద్ర పరిశోధనకు అతడు తిరిగొచ్చేసరికి ఆ రంగం ఇతరుల చేతుల్లో విస్తరించింది.

వారిలో ముఖ్యుడు అదే ప్రయోగశాలలో వైద్యవిద్యార్థిగా ఉన్న విలియం డిమెంట్. కళ్లు వేగంగా కదిలే ఈ దశనే రెమ్ నిద్ర అంటున్నాం. రెమ్ దశ సుమారు తొంభై నిమిషాలకొకసారి వస్తుందనీ, రాత్రికి నాలుగైదు సార్లు వస్తుందనీ, తొలి విడత కొద్ది నిమిషాలే ఉన్నా తెల్లవారేకొద్దీ విడతల నిడివి పెరుగుతుందనీ అతడూ క్లైట్‌మన్ 1957లో చూపించారు. తెల్లవారుజాము కలలకు జనం ఇచ్చిన ప్రత్యేక స్థానానికి ఇక్కడ ఒక కారణం దొరుకుతుంది. అప్పటి కలలు నిడివైనవి, మెలకువకు దగ్గరివి. వాటినే మనిషి గుర్తుంచుకుని లేస్తాడు. నిజమవుతాయా లేదా అన్నది వేరే మాట, కానీ గుర్తుండే కలలు ఎక్కువగా ఆ వేళవే అన్న లోకానుభవం తప్పు కాదు.

అదే ఏడాది వచ్చిన మరో వ్యాసంలో రెమ్ దశలో 191 సార్లు లేపితే 152 సార్లు, మిగతా నిద్రలో 160 సార్లు లేపితే 11 సార్లు మాత్రమే కలలు గుర్తుకొచ్చాయని లెక్క తేలింది. మోరీ వాదనకూ అప్పుడే పరీక్ష జరిగింది. రెమ్ మొదలైన ఐదు నిమిషాలకు కొందరిని, పదిహేను నిమిషాలకు కొందరిని లేపి, కల ఎంతసేపు సాగిందో చెప్పమన్నారు. 111 సార్లలో 92 సార్లు జవాబు సరిపోయింది. కల మెరుపులా ముగిసిపోదు. అందులోని పనికి పట్టే కాలమూ మెలకువలో పట్టే కాలమూ దాదాపు ఒకటే. 1960లో డిమెంట్ రెమ్ మొదలవగానే లేపేస్తూ కొందరికి ఆ నిద్రను దక్కకుండా చేశాడు. తర్వాతి రాత్రుల్లో వారి శరీరం ఆ లోటును పూడ్చుకోవడానికి రెమ్ నిద్రను పెంచుకుంది. కలలు లేకపోతే మతి చలిస్తుందన్న భయం అప్పట్లో ప్రచారమైంది. తర్వాతి ప్రయోగాల్లో అది నిలబడలేదు.

ఫ్రాన్సులోని లియోన్ నగరంలో మిషెల్ జూవే పిల్లుల మీద పనిచేస్తూ 1959లో మరో గుర్తును చేర్చాడు. రెమ్ దశలో మెదడు తరంగాలు మెలకువలో ఉన్నట్టే ఉంటాయి, కండరాలు మాత్రం పూర్తిగా సడలిపోతాయి. ఒంట్లో కదలిక లేకపోయినా మెదడు మేల్కొని ఉన్నట్టుండే ఈ స్థితికి అతడు విరోధాభాస నిద్ర అని పేరు పెట్టాడు. మెదడు కాండంలో, కండరాల కదలికను ఆపే చిన్న ప్రాంతాన్ని దెబ్బతీస్తే ఏమవుతుందో కూడా చూశాడు. ఆ పిల్లులు రెమ్ నిద్రలో లేచి నిలబడ్డాయి, లేని ఎలుక మీదికి లంఘించాయి, లేని శత్రువును చూసి వీపు విల్లులా వంచాయి. ఎదురుగా ఉన్న వస్తువులను మాత్రం పట్టించుకోలేదు. కలలో పరుగెడుతున్నా కాళ్లు మంచం మీదే ఎందుకు ఉంటాయో దీనితో తెలిసింది. 1986లో మినియాపొలిస్‌ వైద్యులు కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ ఇదే లోపాన్ని మనుషుల్లో వర్ణించారు. ఆ రోగులు కలలో పోరాడుతూ పక్కనున్నవారిని కొట్టేవారు, మంచం మీంచి దూకేవారు. ఇలాంటివారిలో చాలామందికి ఏళ్ల తర్వాత పార్కిన్సన్ వంటి వ్యాధులు వస్తున్నాయని తేలడంతో నిద్రలోని ఆ అలజడి ఒక ముందస్తు హెచ్చరికగా వైద్యులకు ఉపయోగపడుతోంది.

రెమ్ ఉంటేనే కల అన్న సమీకరణం ఎక్కువకాలం సాగలేదు. షికాగోలోనే చదివిన డేవిడ్ ఫోక్స్ 1962లో ప్రశ్నను మార్చాడు. కల వచ్చిందా అని అడగకుండా, లేపే ముందు మనసులో ఏం జరుగుతోందని అడిగాడు. అలా అడిగేసరికి రెమ్ కాని నిద్రలోనూ సగానికి పైగా సార్లు ఏదో ఒక ఆలోచనో దృశ్యమో దొరికింది. అవి సాధారణంగా చిన్నవి, పగటి ఆలోచనల్లాంటివి; రెమ్ కలల్లోని వింతలూ ఉద్వేగాలూ వాటిలో తక్కువ. తర్వాత ఫోక్స్ పిల్లల నిద్రను ఏళ్ల తరబడి పరిశీలించాడు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలను రెమ్ దశలో లేపినా కల చెప్పడం చాలా అరుదు. చెప్పినా కదలని ఒక జంతువు బొమ్మ వంటిదే చెప్పారు. తానూ పాల్గొనే కథలాంటి కలలు ఏడెనిమిదేళ్లు వచ్చాకే కనిపించాయి. అప్పుడే పుట్టిన శిశువు నిద్రలో దాదాపు సగం రెమ్ నిద్రే. అంటే కళ్ల కదలిక పుట్టుకతోనే ఉంటుంది, కల మాత్రం ఊహాశక్తితో పాటు ఎదుగుతుంది. ఈ రంగంలో ఇంతకన్నా లోతైన ఫలితాలు తక్కువ.

1977లో హార్వర్డ్‌కు చెందిన అలన్ హాబ్సన్, రాబర్ట్ మెకార్లీ మెదడు కాండం నుంచి వచ్చే గజిబిజి సంకేతాలకు పైమెదడు ఒక కథ అల్లుతుందనీ, అదే కల అనీ ప్రతిపాదించారు. దానికి గట్టి ఎదురు వాదన మార్క్ సోమ్స్ నుంచి వచ్చింది. మెదడు, నరాల జబ్బులున్న 361 మందిని కలల గురించి అడిగి 1997లో అతడు ప్రకటించిన వివరాల ప్రకారం, పైమెదడులో కొన్ని భాగాలు దెబ్బతిన్నవారికి రెమ్ నిద్ర ఉన్నా కలలు ఆగిపోతాయి. కాబట్టి రెమ్, కల వేరువేరు యంత్రాంగాలు. తరచు కలిసి పనిచేస్తాయి. 2013లో జపాన్‌లో యుకియాసు కమితాని బృందం నిద్రలోకి జారుతున్న ముగ్గురి మెదళ్లను స్కాన్ చేసి, వారికి కనబడుతున్న వస్తువుల జాతిని కొంతవరకు ఊహించగలిగింది. అలా ఊహించే యంత్రానికి నేర్పడానికి కూడా ఒక్కొక్కరిని సుమారు రెండు వందల సార్లు లేపి, ఏం కనబడిందని అడగవలసివచ్చింది.

లేపకుండానే అడిగే మార్గం కోసం ప్రయత్నం ఇంగ్లండులో మొదలైంది. కలలో ఉన్నానని తెలిసి కల కనేవారు కొందరుంటారు. రెమ్ దశలో ఒళ్లంతా కదలిక లేకపోయినా కళ్లకు ఆ ఆటంకం లేదు. 1975లో హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్, అలన్ వర్స్‌లీ అనే వ్యక్తితో ముందే ఒప్పందం చేసుకున్నాడు. కల అని తెలియగానే వర్స్‌లీ కళ్లను కుడి ఎడమలకు పలుమార్లు తిప్పాలి. ఆ సంకేతం నిద్రలోంచి కాగితం మీదికి వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లబర్జ్ స్వతంత్రంగా అదే చేసి, ఆ పద్ధతిని విస్తరించాడు.

2021లో అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్‌లలోని నాలుగు ప్రయోగశాలలు కలిసి నిద్రలో ఉన్నవారిని ప్రశ్నలు అడిగాయి. 36 మంది పాల్గొన్నారు. కలలో ఉన్నానని సంకేతం ఇచ్చినవారికి చిన్న చిన్న కూడికలూ తీసివేతలూ, అవును కాదు ప్రశ్నలూ వినిపించారు. కొందరు కళ్ల కదలికతో, కొందరు ముఖ కండరాలతో జవాబిచ్చారు. 158 ప్రయత్నాల్లో 29 సార్లు సరైన జవాబు వచ్చింది. సగానికి పైగా ప్రయత్నాలకు ఏ స్పందనా లేదు. కొందరికి ప్రశ్న కలలోని రేడియోలోంచి వచ్చినట్టు, కొందరికి ఎవరో పైనుంచి మాట్లాడినట్టు వినిపించింది. లేచాక అడిగినప్పుడు కొందరు తమను అడిగిన లెక్కను వేరే అంకెలతో గుర్తుతెచ్చుకున్నారు.