మరుదేశపు పటం, మేడారం పడిగె: మౌఖిక చరిత్రను చదివే విధానం

1. ఉపోద్ఘాతం

చరిత్ర విద్యార్థికి ప్రయాణం కూడా ఒక ఆధార సేకరణ పద్ధతే. శాసనాలను, తాళపత్రాలను గ్రంథాలయంలో చదువుకోవచ్చు. పాటలో, డోలు దెబ్బలో, ఊరేగింపు దారిలో ఉన్న చరిత్రను మాత్రం అక్కడికి వెళ్లి వినాలి, చూడాలి. ఈ పాఠంలో అటువంటి రెండు ప్రాంతాలను పోల్చి చూద్దాం. ఒకటి రాజస్థాన్‌లోని థార్ ఎడారి. పూర్వులు దానిని మరుదేశం అన్నారు. రెండవది మన మేడారం. ఒకప్పటి వరంగల్ జిల్లాలోని ఈ అడవి గ్రామం 2019 నుండి ములుగు జిల్లాలో ఉంది. ఇసుకకూ అడవికీ పోలిక ఏమిటని మీకు అనిపించవచ్చు. రెండు చోట్లా రాత రాని ప్రజలు తమ గతాన్ని గుడ్డ మీదా గొంతులోనూ దాచుకున్నారు. పోలిక అక్కడే ఉంది.

2. మరుదేశం: పాబూజీ పటం

పాబూజీ మార్వాడ్‌కు చెందిన రాఠోడ్ వీరుడు. ఆయన 14వ శతాబ్దం వాడని సాధారణంగా భావిస్తారు. ఆయన ప్రధాన స్థానం కోలూ గ్రామం. మాట ఇచ్చినందుకు ఒక చారణ స్త్రీ ఆవులను విడిపించబోయి, ఆ పోరులో ప్రాణాలు విడిచాడన్నది కథా సారం. ఒంటెలు మేపే రబారీలకు ఆయన దేవుడు. ఎడారికి మొదట ఒంటెలను తెచ్చినవాడు ఆయనేనని వారి నమ్మకం.

ఈ కథను భోపాలు రాత్రంతా పాడతారు. వెనుక 'ఫడ్' అనే పొడవాటి బొమ్మల గుడ్డ కట్టి ఉంటుంది. భోపా రావణహత్తా వాయిస్తూ పాడుతుంటే, అతని భార్య దీపం పట్టుకొని బొమ్మలను చూపిస్తుంది. చేర్యాల నకాషీ పటాల ముందు కథ విన్నవారికి ఈ పద్ధతి కొత్త కాదు. ఒక తేడా ఉంది. ఫడ్‌ను వారు బొమ్మల గుడ్డగా కాక, ఊరూరా తిరిగే గుడిగా భావిస్తారు. అది పాతబడితే పారవేయరు, పుష్కర్ సరస్సులో నిమజ్జనం చేస్తారు.

పాబూజీ కథకు రాతపూర్వకమైన తోడు కూడా ఉంది. 17వ శతాబ్దంలో మార్వాడ్ దర్బారు అధికారి ముహణోత్ నైణసీ తన 'ఖ్యాత్'లో పాబూజీ వృత్తాంతాన్ని చేర్చాడు. అందువల్ల పాటనూ రాతనూ పక్కపక్కన పెట్టి పోల్చే వీలు కలిగింది.

3. మేడారం: పడిగె, డోలు, దారి

మేడారం కథ మీలో చాలామందికి తెలిసినదే. కరువు కాలంలో కోయ రాజ్యం కాకతీయులకు కప్పం కట్టలేకపోయింది. దానిపై యుద్ధం వచ్చింది. పగిడిద్దరాజు, సారలమ్మ, గోవిందరాజు ఆ పోరులో నేలకొరిగారు. జంపన్న సంపెంగ వాగులో పడి ప్రాణం విడిచాడు. నాటినుండి అది జంపన్న వాగు అయింది. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి అదృశ్యమైంది. వెతికిన వారికి కుంకుమ భరిణె మాత్రమే దొరికింది.

ఈ కథను తరతరాలుగా నిలిపిన వారు డోలి కోయలు. గుడ్డపై బొమ్మలు కూర్చిన పడిగె ఆధారంగా, డోలు వాయిస్తూ వారు కోయల ఇంటిపేర్లను, గట్లను, వీరుల వంశాలను పాడతారు. ఈ కళకు ప్రతినిధి అయిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. 2024లో ఆయన మరణించారు. పడిగెను భద్రపరచవచ్చు. దానిని చదివి పాడగలిగిన గొంతు పోతే మిగిలేది బొమ్మలు మాత్రమే.

మూడవ ఆధారం దారి. రెండేళ్లకొకసారి మాఘ పౌర్ణమి వేళ జరిగే నాలుగు రోజుల జాతరను గమనించండి. మొదటి రోజు కన్నెపల్లి నుండి సారలమ్మ, పూనుగొండ్ల నుండి పగిడిద్దరాజు, కొండాయి నుండి గోవిందరాజు గద్దెలకు చేరుకుంటారు. రెండవ రోజు చిలకలగుట్ట నుండి సమ్మక్కను కోయ పూజారులు తీసుకొస్తారు. మూడవ రోజు అందరూ గద్దెలపై కొలువుంటారు. నాలుగవ రోజు వనప్రవేశం. ఈ ఊళ్లను కలుపుతూ గీత గీస్తే, ఒక బంధుత్వ పటం మీ ముందు నిలుస్తుంది. ఏ లేఖకుడూ దానిని రాయలేదు. నడక వల్ల అది నిలిచింది.

4. ఆధారాల పరిశీలన

ఇక చరిత్రకారుని ప్రశ్నకు వద్దాం. ఇది నిజంగా జరిగిందా? సమ్మక్క కథకు పాబూజీ కథకున్నట్లు దర్బారు రాత తోడు లేదు. కాలం విషయంలోనూ కథనాలు ఏకీభవించవు. కొందరు 12వ శతాబ్దం అంటారు, కొందరు చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుని కాలం (1289–1323) అంటారు. మొదటి రుద్రదేవునికి కూడా ప్రతాపరుద్రుడనే పేరు వాడుకలో ఉండటం ఈ గందరగోళాన్ని పెంచింది.

అందుచేత తేదీ కోసం ఈ కథను అడగరాదు. కథ చెప్పగలిగినదే దానిని అడగాలి. కాకతీయ రాజ్యం చెరువుల మీద, సాగు మీద ఎదిగింది. ములుగు సమీపంలోని పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి, దాని చెంతనే ఉన్న చెరువు ఆ విస్తరణకు సాక్ష్యాలు. శాసనాలు దానధర్మాలను, చెరువుల తవ్వకాలను చెప్పాయి. ఆ విస్తరణ అడవి అంచుకు చేరినప్పుడు అక్కడి వారికి ఏమి అనిపించిందో శాసనం చెప్పదు. 'కరువులో కప్పం ఎలా కడతాం?' అన్న ప్రశ్నను పాట దాచింది. రెండూ ఒకే కాలపు రెండు వైపులు కావచ్చు. ఒకదాన్ని చదివి రెండవదాన్ని వదిలేస్తే మనకు దక్కేది సగం చరిత్రే.

మౌఖిక ఆధారం మారుతూ ఉంటుందన్న అభ్యంతరం సరైనదే. అయితే ఆ మార్పు కూడా ఒక ఆధారమే. 1996లో ప్రభుత్వం ఈ జాతరను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. నేడు సమ్మక్క గుట్ట దిగే వేళ పోలీసు అధికారి గాలిలోకి తుపాకీ పేల్చి గౌరవ వందనం చేస్తారు. రాజ్యంతో పోరాడిన తల్లికి రాజ్యమే వందనం చేయడం, రాజ్యానికీ ఆదివాసీకీ మధ్య సంబంధం ఎలా మారిందో చూపుతుంది. నిజంగా మారిందా, మారినట్లు కనబడుతోందా అన్నది మీరు చర్చించవలసిన ప్రశ్న.

5. సారాంశం

మరుదేశంలో పాటకు రాత తోడైంది. మేడారంలో పాటకు పడిగె, డోలు, దారి తోడయ్యాయి. మౌఖిక చరిత్రను గుడ్డిగా నమ్మకూడదు, రాయలేదన్న కారణంతో తోసివేయకూడదు. వేర్వేరు కథనాలను సేకరించి, స్థలంతో, శాసనంతో సరిచూడాలి.

క్షేత్ర కృత్యం: మీ ఊరి జాతర గురించి ఇద్దరు పెద్దలను విడివిడిగా అడిగి, వారి మాటల్లోనే రాసుకోండి. రెండు కథనాలు ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో గుర్తించండి. వచ్చే ఏడాది చేద్దామని వాయిదా వేయకండి. మీ పుస్తకం అప్పటికీ ఉంటుంది, ఆ పెద్దలు ఉంటారని చెప్పలేం.