తట్ట మోసినవాళ్ల ఊసేదీ?

కార్మికోద్యమమంటే విశాఖ ఓడరేవు, ఉక్కు ఫ్యాక్టరీ, నెల్లిమర్ల జూట్ మిల్లు; నర్సీపట్నానికి అందులో చోటెక్కడిది, పైగా ఆడవాళ్ల చరిత్రా అంటారు. మేడే సభల్లో, ప్రత్యేక సంచికల్లో ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. మిల్లు గొట్టం కనబడని ఊళ్లో కూలి తగాదా ఉండదనుకోవడం పట్నవాసుల భ్రమ. మన తగాదా మిల్లులో కాదు, రోడ్డు మీద మొదలైంది.

ఇప్పుడు చలికాలం వచ్చిందంటే మంచు చూడ్డానికి లంబసింగి ఎక్కే కార్లన్నీ మన అబీద్ సెంటర్ దాటే పోతాయి. చింతపల్లి దాకా సాగే ఆ దారి పని 1922 నాటికి గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ చేతిలో ఉంది. మన్యం జనాన్ని పనికి తోలుకొచ్చి, చాలీచాలని కూలి చేతిలో పెట్టాడు. అటవీ చట్టాలు పోడుకి అడ్డం పడ్డాయి, ఇటు కూలీ దక్కలేదు. ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు అల్లూరి సీతారామరాజు దళం చేతికి చిక్కాయి. మూడుచోట్లా కలిపి 26 తుపాకులు. ఇదంతా మన పిల్లలకి కంఠతా వచ్చు. ఆ తుపాకుల వెనకున్న కూలి లెక్క మాత్రం ఎవరూ చెప్పరు.

మునుపు రాసినవాళ్లలో ఒక వర్గం కథంతా రాజు తపస్సు, శౌర్యం చుట్టూ తిప్పుతుంది. మరో వర్గం దాన్ని ముఠాదార్ల తగాదాగా చూస్తుంది. రాజు అనుచరుడు గాం గంటందొర మునసబు ఉద్యోగం పోవడం, బాస్టియన్‌తో అతని వైరం వాళ్లకి ముఖ్యం. రెండింట్లోనూ నిజముంది, కాదనను. అయితే రెండు వర్గాలకీ కూలీ అంటే మగాడే. ఆడమనిషి వాళ్ల పుటల్లోకి వచ్చేది రాజు దళంలోని మల్లుదొర 1923లో నడింపాలెంలో పట్టుబడ్డ ఘట్టంలోనే, అతను దాగిన ఇంటి మనిషిగా. సమ్మె చేసిందనో, కూలి అడిగిందనో కాదు.

ఘాట్ రోడ్డు పని ఎలా జరుగుతుందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. కొండ చరియ మీద మగాడు గునపం వేస్తాడు, పారతో ఎత్తుతాడు. ఆ మట్టీ రాయీ తట్టకెత్తి, నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని, వాలు మీద కాలు జారకుండా దిగి పోసొచ్చేది ఎవరు? నేటికీ మన మండలంలో ఉపాధి పనికి వెళ్లి చూడండి, తట్ట ఎవరి నెత్తిన ఉందో. మన్యంలో ఆడవాళ్లు పోడులో మగవాళ్లతో సమానంగా పనిచేసేవాళ్లు. వాళ్లని ఇంట కూర్చోబెట్టి బాస్టియన్ మగవాళ్లనే పిలిచాడంటే నేను నమ్మను. వాళ్ల కూలి మగవాళ్ల కూలికన్నా ఎక్కువ ఉండి ఉంటుందన్నా నమ్మను. కాగితంలో పేరు లేదు కాబట్టి మనిషే లేదనే వాదం నాకు గిట్టదు. ఆ కాగితం రాసింది ఎవరు?

1922 సెప్టెంబర్ 24న దామనపల్లి దగ్గర రాజు దళం చేతిలో చనిపోయిన ఇద్దరు తెల్ల అధికారులు కవర్డ్, హైటర్ సమాధులు మన ఊళ్లో ఉన్నాయి. రాజు సమాధి కృష్ణదేవిపేటలో ఉంది, ఏటా పూలు పడతాయి. రోడ్డు వేసినవాళ్లకి మాత్రం ఒక రాయి కూడా లేదు, వాళ్లే అన్ని రాళ్లు కొట్టినా.

తరవాతి కాలానికొస్తే ఇక ఊహతో పని లేదు. 2023 డిసెంబర్ 12న రాష్ట్రమంతా అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు సమ్మెకి దిగారు. అప్పటికి టీచరుకి నెలకి 11,500 రూపాయలు, ఆయాకి 7,000. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వీళ్లకి గ్రాట్యుటీ వర్తిస్తుందని తీర్పిచ్చాక కూడా అది ఇమ్మని టెంట్లలో కూర్చోవాల్సి వచ్చింది. సచివాలయ సిబ్బందిని పంపి కేంద్రాల తాళాలు పగలగొట్టించారు. జనవరి 6న ఎస్మా ప్రయోగించారు. అయినా సంక్రాంతి శిబిరాల్లోనే గడిచింది. 42 రోజులకి, జనవరి 22 రాత్రి చర్చల్లో ఒప్పందం కుదిరింది. జీతం పెంపు జులైకి వాయిదా పడిందని కొందరు పెదవి విరిచారు. తొలగింపు ఉత్తర్వులు వెళ్లిన రోజే సర్కారు దిగొచ్చిందంటే తక్కువ సంగతా!

నర్సీపట్నం ఐసీడీఎస్ పరిధిలో ఆ శిబిరాల్లో కూర్చున్నవాళ్లు పెదబొడ్డేపల్లిలో, బలిఘట్టంలో మన ఇళ్ల పక్కనే ఉన్నారు. ఊరి చరిత్ర పుస్తకం వేస్తామని ముందుకొచ్చే పెద్దలకి నాదొకటే పేచీ. అల్లూరి అధ్యాయంలో రోడ్డు కూలికి నాలుగు పేజీలివ్వండి. సమ్మె అధ్యాయం మాత్రం నాయకుల ఫొటోలతో నింపకండి. సెంటరు సెంటరుకీ తిరిగి ఆయాల దగ్గర కూర్చుని, ఎవరు ఏ రోజు వచ్చారో, ఇంట్లో ఏం గొడవ పడ్డారో, ఆ నెల బియ్యం ఎలా తెచ్చారో వాళ్ల నోటనే రాసుకోండి.