ఆరుబయటి పొయ్యి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో పెరట్లోనో వాకిట్లోనో కట్టుకునే కట్టెల పొయ్యి ఇది.   వంటగ్యాస్ వచ్చాక లోపలి పొయ్యి చాలా ఇళ్లలో పోయింది గానీ బయటిది నిలిచింది. కాగులో స్నానానికి నీళ్లు, పెంక మీద జొన్నరొట్టెలు, పండగ వంటలు దీనిమీదే. చలికాలం పొద్దున ఇంటిల్లిపాదీ చేరేదీ ఇక్కడికే.

కట్టడంలో చోటు ఎంపికే సగం పని. వాస్తు పట్టింపున్నవారు ఆగ్నేయ మూల చూస్తారు. అంతకన్నా గాలి చూడటం మేలు. వానాకాలంలో పడమటి గాలి బలంగా వీస్తుంది కనుక ఆ వైపు అడ్డుగోడ కావాలి. గడ్డివాము, పశువుల పాక, పత్తి కట్టె కుప్ప దగ్గర్లో ఉండకూడదు. మూడు వైపులా రాళ్లు పేర్చి, మట్టిలో పేడ, ఊక కలిపి తొక్కి మందంగా మెత్తుతారు. నీడన ఆరనివ్వాలి, ఎండకు తొందరగా ఆరితే బీటలు వారుతుంది. ఇక్కడ విరివిగా దొరికే గ్రానైటు రాయి నేరుగా మంట తగిలితే పెచ్చులూడుతుంది. బండపై మంటపెట్టి పలకలు లేపే రాతిపనివారు వాడుకునేది ఈ గుణాన్నే. అందుకే లోపలివైపు మట్టిపూత తప్పదు. తడి రాళ్లు, షాబాద్ బండలు పనికిరావు.

ఆరుబయటి నిప్పు వంటకే కాదు, ఇదే ప్రాంతంలోని అమ్రాబాద్ అడవుల చెంచుల్లో చలికి, జంతువుల భయానికి గుడిసె ముందు నెగడు వేసుకునే అలవాటుంది.

బయట కట్టినంత మాత్రాన పొగ హాని పోదు. పచ్చి కట్టె, ప్లాస్టిక్ కాల్చకండి. నిప్పులు పూర్తిగా ఆర్పాకే పడుకోండి.