ఉపగ్రహ సంకేతం: ఒక తీసివేత లెక్క కథ

ఉపగ్రహం పంపే సంకేతాన్ని రిసీవర్ వచ్చింది వచ్చినట్టు అందుకోదు, పౌనఃపున్యం తగ్గించుకుని వింటుంది. ఈ పద్ధతి ఉపగ్రహాలకంటే పాతది. మొదటి ప్రపంచయుద్ధం ముగుస్తున్న 1918లో, ఫ్రాన్స్‌లో పనిచేస్తున్న అమెరికా సైనికాధికారి ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ సూపర్‌హెటరోడైన్ రిసీవర్‌కు రూపమిచ్చాడు. లోకల్ ఆసిలేటర్ పుట్టించే తరంగాన్ని వచ్చిన తరంగంతో కలిపితే, రెండింటి తేడా కొత్త పౌనఃపున్యంగా మిగులుతుంది. అసలు సూత్రం ఆ తీసివేతే.

1962 జూలై 10న ఎగిరిన టెల్‌స్టార్ ఈ లెక్కను అంతరిక్షంలో చేసింది. నేల నుంచి 6390 మెగాహెర్ట్జ్‌లో అందుకున్నదాన్ని 4170కి మార్చి తిరిగి పంపింది. రెండూ ఒకటే అయితే ఉపగ్రహం తన గొంతుతో తన చెవినే మూసుకున్నట్టవుతుంది. ఆ రోజుల్లో ఈ అంకెలన్నీ ఇంజనీర్లు ముందే బిగించినవి. 1975లో సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం కింద ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల పల్లెల్లో ఏటీఎస్-6 ఉపగ్రహ కార్యక్రమాలు చూసినవారికి వాటితో పని పడలేదు.

డిష్‌లు ఇళ్లపైకి ఎక్కాక లెక్క సెట్‌టాప్ బాక్స్ మెనూలోకి వచ్చింది. పన్నెండు వేల మెగాహెర్ట్జ్ దగ్గరి సంకేతం కేబుల్‌లో త్వరగా నీరసిస్తుంది. అందుకే డిష్ దగ్గరే ఎల్‌ఎన్‌బీ అనే పరికరం దాన్ని కిందికి దించుతుంది. కేయూ బ్యాండ్‌లో ఛానల్ పౌనఃపున్యం 11090 నుంచి ఎల్‌ఎన్‌బీ ఆసిలేటర్‌ది 9750 తీసేస్తే 1340 వస్తుంది. అది సెట్‌టాప్ బాక్స్ అందుకునే 950–2150 పరిధిలోనే ఉంది. అదే ఛానల్‌కు మెనూలో పొరపాటున 10600 పెడితే బాక్స్ 490 దగ్గర వెతుకుతుంది, తెర ఖాళీగా ఉంటుంది. సీ బ్యాండ్‌లో తీసివేత తిరగబడుతుంది: 5150 నుంచి 4000 తీస్తే 1150. ఇక్కడ ఆసిలేటర్ పైన ఉంటుంది కాబట్టి ఛానల్ పౌనఃపున్యం పెరిగేకొద్దీ కేబుల్‌లోది తగ్గుతుంది.

అభిరుచితో రేడియో నడిపే హామ్‌లు ఇంకో అడుగు వేశారు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన హామ్‌శాట్ ఉపగ్రహం 435 మెగాహెర్ట్జ్ దగ్గర విని 145 దగ్గర పలికేది. 2018లో ఎగిరిన ఎస్‌హెయిల్-2 ఉపగ్రహంలోని హామ్ ట్రాన్స్‌పాండర్ క్యూవో-100 సంకేతాలు 10489.5 మెగాహెర్ట్జ్ నుంచి మొదలవుతాయి. 9750 ఎల్‌ఎన్‌బీ పెడితే అవి 739.5 దగ్గర దొరుకుతాయి. సాఫ్ట్‌వేర్‌లో ఆ 9750ని ఆఫ్‌సెట్‌గా రాస్తే తెరపై అసలు పౌనఃపున్యమే కనిపిస్తుంది.

అయితే ఎల్‌ఎన్‌బీ మీద అచ్చయిన అంకె ఎండలో నిలవదు. కొన్ని ఎల్‌ఎన్‌బీల్లో లోపలి 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పౌనఃపున్యాన్ని 390 రెట్లు చేస్తేనే 9750 అవుతుంది. క్రిస్టల్ 100 హెర్ట్జ్ జరిగితే ఫలితం 39 కిలోహెర్ట్జ్ జరుగుతుంది. అంటే పది మాటల ఛానళ్లకు పైగా తప్పినట్టే. అందుకే ఉపగ్రహం పంపే స్థిర సంకేతాన్ని, అంటే బీకన్‌ను, చూసి సవరించుకోవాలి. వందేళ్లలో ఈ తీసివేత పరిశోధనశాల నుంచి మన వేళ్ల కిందికి వచ్చింది. సెట్టింగ్ మార్చే ప్రతివారూ దేని నుంచి దేన్ని తీసేస్తున్నారో తెలుసుకుని మార్చాలి. అప్పుడు తెర ఖాళీగా కనిపించినా తప్పు ఎక్కడుందో తామే పట్టగలుగుతారు.