కొండ మొక్కని కొలిమిలో పెడితే

కూజా మొక్క గుర్తుందా? స్కూలు సైన్సు పుస్తకంలో, పురుగుల్ని తినే మొక్కలంటూ బొమ్మ వుండేది. ఎంపీసీ బాపతు కాబట్టి పదో తరగతితో నేను దాన్ని మర్చిపోయా. కాలిఫోర్నియా వచ్చాక, శాన్ హోసేలో వుండగా ఓ నర్సరీలో అసలుదే కనబడింది. పేరు నెపెంథిస్ వెంట్రికోసా, సొంతూరు ఫిలిప్పీన్స్. ఉష్ణమండలం మొక్క కదా, చలికి తట్టుకోదని రాత్రింబవళ్ళు హీటర్ నడిచే గదిలో పెట్టా. మూణ్ణెల్లలో పోయింది.

ఎందుకు పోయిందా అని వెతికితే తేలిందేంటంటే, నాకంటే చాలా ముందే మహామహులు ఇదే తప్పు చేశారు.

1845లో బ్రిటన్ గాజు మీద పన్ను ఎత్తేసింది. డబ్బున్నవాళ్ళు గాజు ఇళ్ళు కట్టి, గొట్టాల్లో వేడినీళ్ళు పారించి, విదేశీ మొక్కలు పెంచడం మొదలెట్టారు. బాగా వేడిగా వుంచే గాజు ఇంటిని వాళ్ళు 'స్టవ్' అనేవాళ్ళు! పల్లపు ప్రాంతాల కూజా మొక్కలకి అది భలే కుదిరింది. 1862 నాటికి వీచ్ నర్సరీలో జాన్ డామినీ వాటి సంకర జాతిని కూడా పుట్టించాడు.

చిక్కంతా కొండ జాతులతోనే. బోర్నియోలో కినబాలు అని 4,095 మీటర్ల కొండ వుంది. 1851లో హ్యూ లో అనే బ్రిటిష్ అధికారి దాన్ని ఎక్కాడు. అక్కడి కూజా మొక్కల్లో పెద్దదానికి 1859లో జోసెఫ్ హుకర్ 'నెపెంథిస్ రాజా' అని పేరు పెట్టాడు, సారవాక్‌ని ఏలిన జేమ్స్ బ్రూక్ గౌరవార్థం. రెండు లీటర్లకి పైగా నీళ్ళు పట్టే కూజా అది! 1877లో వీచ్ వాళ్ళు బర్బిడ్జ్ అనే ఆయన్ని బోర్నియో పంపారు. అలా ఇంగ్లండు చేరిన రాజా మొక్కలు 1905 నాటికి వీచ్ దగ్గర ఒక్కటీ మిగల్లేదు.

కారణం మనకి తెలిసిందే. వైజాగులో చెమటలు కక్కి, అదే రోజు అరకు వెళ్తే రాత్రికి రగ్గు కావాలి. కిలోమీటరు ఎత్తుకి సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. రాజా వుండేది 1,500 మీటర్ల పైన. రాత్రి చల్లబడకపోతే మొక్క పగలు సంపాదించిందంతా రాత్రే ఖర్చు పెట్టేస్తుంది. మన క్రెడిట్ కార్డు బతుకన్నమాట.

విచిత్రమేంటంటే, కొండ మొక్కలకి చల్లని గది కావాలని ఆర్కిడ్లు పెంచేవాళ్ళకి 1860ల్లోనే తెలుసు. 'ఉష్ణమండలం' అన్న ఒక్క ముద్ర చూసి మిగతావాళ్ళు ఆలోచించడం మానేశారు. నేనూ అంతే. కానీ అప్పట్లో చచ్చిన మొక్కకి బదులు ఇంకోటి కొండ మీంచే రావాలి. చివరికి 1981లో రాజా వ్యాపారాన్ని అంతర్జాతీయంగా కట్టడి చేయాల్సొచ్చింది. ఇప్పుడు నర్సరీలు టిష్యూ కల్చర్‌తో పెంచి అమ్ముతున్నాయి కాబట్టి నా తప్పు ఇరవై డాలర్లతో పోయింది.

ప్రస్తుతం డేలీ సిటీలో వుంటున్నా. ఇక్కడి పొగమంచుని అందరూ తిట్టుకుంటారు. ఎండాకాలం రాత్రి కూడా 12 డిగ్రీలే. రెండో వెంట్రికోసాని బాల్కనీలో వదిలేశా. హీటర్ లేదు, గాజు ఇల్లు లేదు, వాననీళ్ళో ఆర్వో నీళ్ళో పోస్తున్నా, అంతే. ఏడాదిలో తొమ్మిది కూజాలు!

హైదరాబాదు మిత్రులకి మనవి: మీ బాల్కనీలో ఈ కొండ జాతులు కష్టం. పల్లపు జాతులు అడగండి. కొనేముందు దేశం పేరుతో పాటు ఎన్ని మీటర్ల ఎత్తుదో కూడా కనుక్కోండి.