అందరూ ఊఁ అంటేనే బేరం

చీరల మూట అరుగు మీద దింపినవాడితో మనం ఆడే బేరం ఎంత తేలిక! మనం ఒకరం, అతనొకడు. పావుగంటలో తేలిపోతుంది. అదే బేరం వీధిలోని ఇల్లాళ్లందరూ కలిసి ఆడాలనీ, ఒకరికి తగ్గించిన ధర అందరికీ తగ్గించి తీరాలనీ, ఒక్కావిడ కాదన్నా ఎవరికీ చీర దక్కదనీ షరతు పెడితే? ఆ పూట ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగదు. ప్రపంచ దేశాలు 1947 నుంచి ఆడుతున్న బేరం ఇంచుమించు ఇలాంటిదే.

ఆ ఏడాది జెనీవాలో 23 దేశాలవారు కూర్చుని, దిగుమతి సుంకాల్లో దాదాపు 45,000 తగ్గింపులకు ఒప్పుకున్నారు. దానికే గాట్ అని పేరు. అప్పుడే స్వాతంత్ర్యం వచ్చిన మన దేశమూ అందులో ఉంది. నిజానికి పెద్ద సంస్థే ఒకటి పెట్టాలనుకున్నారు. హవానాలో దాని నిబంధనల మీద సంతకాలు కూడా అయ్యాయి గాని, అమెరికా కాంగ్రెసు ఆమోదించలేదు. దాంతో అందాకా అని వేసుకున్న తాటాకు పందిరే 47 ఏళ్లు నిలిచింది!

1986లో ఉరుగ్వేలో మొదలైన చర్చలు ఏడున్నరేళ్లు సాగి, 1994లో మరాకెష్‌లో ముగిశాయి. మరుసటి జనవరి ఒకటిన ప్రపంచ వాణిజ్య సంస్థ పుట్టింది. సేద్యం, బట్టలు, మందుల పేటెంట్లు అన్నీ ఒకే మూట. నచ్చింది ఏరుకుని తక్కింది వదిలేస్తామంటే కుదరదు.

ఆ మూటలో మన బియ్యం కూడా ఉంది. 1983లో ఎన్.టి.రామారావుగారు కిలో రెండు రూపాయలకు బియ్యం ఇప్పించిన రాష్ట్రంలో చౌకడిపో సంచి సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ బియ్యం ముందు ప్రభుత్వం రైతు దగ్గర మద్దతు ధరకు కొనాలి కదా! ఆ ధరకూ, 1986–88 నాటి ధరకూ ఉన్న తేడాని ప్రభుత్వం చేసిన సాయంగా లెక్క కడతారు. మనలాంటి దేశాల్లో అది పంట విలువలో పదోవంతు దాటకూడదు. ఆనాటి పాలడబ్బులతో ఇవాళ్టి పాలడబ్బులు పోల్చి, ‘మీ ఇంట్లో దుబారా ఎక్కువైంది’ అంటే మనం ఊరుకుంటామా? 2018–19లో బియ్యానికి మన లెక్క పదకొండున్నర శాతానికి దగ్గరగా తేలింది.

అయినా మన మీద కేసు పడలేదంటే 2013 డిసెంబరులో బాలిలో కుదిరిన ఏర్పాటు వల్లే. శాశ్వత పరిష్కారం దొరికేదాకా ఇలాంటి ధాన్యం కొనుగోళ్లపై ఎవరూ కేసు పెట్టకూడదన్నారు. మళ్లీ తాటాకు పందిరే! మరుసటేడు జూలైలో మనవాళ్లు, బియ్యం మాట తేలందే కస్టమ్స్ పనులు సులువు చేసే ఒప్పందానికి ఊఁ అనం అని భీష్మించారు. కాదన్న ఆ ఒక్కావిడ మనమేనన్నమాట. రక్షణకు గడువేమీ ఉండదని నవంబరులో మాట తీసుకున్నాకే దిగివచ్చారు.

అవతలివాళ్ల మాటా వినాలి లెండి. బియ్యం ఎగుమతిలో అందరికన్నా ముందున్న దేశం పేదల పేరు చెప్పి ధాన్యం కొని నిల్వచేస్తే, అందులో కొంత చౌకగా మా బజార్లకు రాదా అని థాయిలాండ్ వంటి దేశాల గోల. అది పూర్తిగా కొట్టిపారేసే మాట కాదు.

2001లో దోహాలో మొదలుపెట్టిన పెద్ద మూట 2008 జూలైలో జెనీవాలో తెగిపోయింది. ఎగువసభ్యం లేని పంచాయతీలా, అప్పీళ్ల ధర్మాసనం 2019 డిసెంబరులో ఆగిపోయింది; కొత్త తీర్పరుల నియామకానికి అమెరికా ఒప్పుకోలేదు. అయితే, సముద్రంలో చేపలు అంతరించేలా పట్టేవారికి సబ్సిడీలు ఆపాలని 2022లో ఒప్పందం కుదిరింది. పెద్ద మూటలు ఇక కట్టలేరనీ, ఇలాంటి చిన్న చిన్న పొట్లాలే సాగుతాయనీ నాకనిపిస్తుంది.

బియ్యం మాత్రం చిన్న పొట్లంలో ఇమడదు. 2024లో అబూ ధాబీ సమావేశం ఫిబ్రవరి 29న ముగియాల్సింది, మార్చి 2 దాకా సాగింది. అప్పటికి సభ్యులు 164. తెల్లవార్లూ మాట్లాడుకున్నారు. బియ్యం సంగతి తేల్చకుండానే పెట్టెలు సర్దుకుని ఎవరి దేశానికి వాళ్లు వెళ్లిపోయారు.