విశేషణ ద్విరుక్తి – కంపెనీ కాలపు తెలుగు అభ్యాసం

మద్రాసులో 1812లో ఏర్పడిన సెయింట్ జార్జి కోట కళాశాల ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పింది. తెలుగు అభ్యసించే ఆంగ్లేయులకు క్యాంబెల్ వ్యాకరణం (1816), తరువాత బ్రౌన్ నిఘంటువు (1852) అందుబాటులోకి వచ్చాయి. విశేషణానికి ముందు ‘చాలా’ చేర్చడం ఆంగ్లం మాతృభాషగా గలవారికి కష్టం కాదు. చిక్కంతా ద్విరుక్తితోనే. ‘వేడివేడి అన్నం’లో అది ఆధిక్యాన్ని తెలుపుతుంది, ‘పెద్దపెద్ద ఇళ్లు’లో బహుత్వాన్ని, ‘తడితడిగా ఉన్న బట్ట’లో, విచిత్రంగా, అల్పత్వాన్ని! మొదటి ఉదాహరణనే సూత్రంగా గ్రహించిన అభ్యాసకుడు ఒక్క భవనాన్ని చూపి ‘పెద్దపెద్ద ఇల్లు’ అంటే అది తర్కదోషం కాదు, ప్రయోగదోషం మాత్రమే. చిన్నయసూరి ఆమ్రేడితసంధిలో ‘పట్టపగలు’, ‘ఎట్టయెదురు’ వంటివాటి రూపసిద్ధిని వివరించాడు. పుట్టుకతో తెలుగువాడైన విద్యార్థికి అర్థభేదం వేరే చెప్పనక్కరలేదు కదా! పరభాషీయునికి కావలసినది సరిగ్గా అదే.